సూక్ష్మబుద్ధికి దక్కిన తిట్టు: 'డన్స్' అనే మాట కథ

(సాహిత్య సభలో చేసిన ప్రసంగానికి రికార్డింగు నుంచి రాసిన పాఠం)

అధ్యక్షులవారికి, పెద్దలకు, వెనక వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

ఇవాళ ఒకే ఒక్క మాట గురించి మాట్లాడతాను. ఒక్క మాటకు ఇంతసేపు ఎందుకని కొందరికి అనిపించవచ్చు. సమయం సరిపోదేమోనని నా భయం. ఆ మాట 'డన్స్'. ఇంగ్లీషు చదువుకున్నవాళ్లందరికీ తెలిసిన మాటే. మొద్దు, శుంఠ, మట్టిబుర్ర, ఎంత చెప్పినా తలకెక్కనివాడు. నిఘంటువు తీసి చూడండి, చదువు వంటబట్టనివాడనే ఉంటుంది. అర్థంలో చిక్కేమీ లేదు.

చిక్కంతా పుట్టుకలో ఉంది. ఇది ఒక మనిషి పేరు. నిజంగా బతికిన, పాఠాలు చెప్పిన, పుస్తకాలు రాసిన మనిషి పేరు. ఆ మనిషి మొద్దా? కాదు. యూరప్ మధ్యయుగాల్లో అంత సన్నగా, అంత లోతుగా ఆలోచించినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. విద్యాపీఠాల్లో ఆయనకు స్థిరపడిన బిరుదు ఏమిటో తెలుసా? లాటిన్‌లో 'డాక్టర్ సబ్టిలిస్'. అంటే సూక్ష్మబుద్ధి గల ఆచార్యుడు. మరి సూక్ష్మబుద్ధి ఆచార్యుడి పేరు మట్టిబుర్రకు ఎలా అంటుకుంది? ఎవరు అంటించారు? ఎందుకు?

ముందు మనిషిని చూద్దాం. ఆయన జాన్ డన్స్ స్కోటస్. స్కోటస్ అంటే స్కాట్లండువాడు. డన్స్ అనేది ఊరు. ఇంగ్లండు సరిహద్దుకు దగ్గరగా, స్కాట్లండు దక్షిణ భాగంలో ఇప్పటికీ ఉంది. మనలోనూ ఊరిపేరే ఇంటిపేరైనవాళ్లు ఎంతమంది లేరు? ఈ సభలోనే ఉండి ఉంటారు. తేదీతో సహా గట్టిగా చెప్పగలిగిన మొదటి సంఘటన 1291 మార్చి 17న నార్తాంప్టన్‌లో ఆయన మతగురువుగా దీక్ష పొందడం. దాన్నుంచి వెనక్కి లెక్కవేసి 1266 ప్రాంతంలో పుట్టాడంటారు. ఫ్రాన్సిస్కన్ సన్యాసి. ఆ సంఘంవాళ్లు సొంత ఆస్తి వద్దనుకుని, భిక్ష మీద బతికేవాళ్లు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, చెప్పాడు. తరవాత పారిస్ వెళ్లాడు.

పారిస్‌లో 1303లో ఒక సంగతి జరిగింది. ఫ్రాన్స్ రాజు నాలుగో ఫిలిప్‌కీ, పోప్ ఎనిమిదో బోనిఫేస్‌కీ పడలేదు. రాజు పక్షమా, పోప్ పక్షమా తేల్చుకోండని సన్యాసులను నిలదీశారు. డన్స్ పోప్ పక్షం నిలబడ్డాడు. దేశం విడిచి వెళ్లాల్సివచ్చింది. మరుసటి ఏడాది తిరిగి వచ్చాడనుకోండి. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. పోప్ పక్షం నిలబడ్డ మనిషి. రెండువందల ఏళ్ల తరవాత ఇంగ్లండులో ఈ లక్షణమే ఆయన పుస్తకాల ప్రాణం మీదికి వచ్చింది.

1307లో ఆయన్ను జర్మనీలోని కొలోన్‌కు పంపించారు. మరుసటి ఏడాది నవంబరు 8న అక్కడే పోయాడు. నలభై రెండేళ్లో, అంతకు ఒకటి అటూ ఇటో. సమాధి ఇప్పటికీ కొలోన్‌లో ఉంది. దాని మీద లాటిన్‌లో చెక్కిన మాటలకు తెలుగు ఇదీ: స్కాట్లండు నన్ను కన్నది, ఇంగ్లండు చేరదీసింది, ఫ్రాన్స్ చదువు నేర్పింది, కొలోన్ దాచుకుంది. నాలుగు ముక్కల్లో జీవితమంతా వచ్చేసింది చూడండి. ఇంతకంటే చిన్న జీవితచరిత్ర నేను చదవలేదు.

ఇంతకీ ఏం చెప్పాడు? అంతా చెప్పడానికి నాకు శక్తీ లేదు, మీకు ఓపికా ఉండదు. ఒక్కటి చూద్దాం. మీ జేబులో ఒకే ఏడాది, ఒకే టంకశాలలో తయారైన రెండు రూపాయి నాణేలు ఉన్నాయనుకోండి. రెండూ కొత్తవే. బరువు ఒకటే, లోహం ఒకటే, బొమ్మ ఒకటే. ఎక్కడా గీత కూడా లేదు. అయినా ఇది ఇదే, అది అదే. దీన్ని అదిగా చేయలేం. ఎందువల్ల? ఆకారం వల్లనా? అది రెండింటికీ ఒకటే. ఉన్న చోటును బట్టి అంటారా? చోటు మార్చి పెడితే ఇది అదైపోతుందా? పోదుగా? లోహపు ముద్ద వేరు కదా అంటారు కొందరు. బాగానే ఉంది, ఆ ముద్ద 'ఈ ముద్ద' ఎందువల్ల అయింది? ప్రశ్న ఒక మెట్టు కిందికి దిగిందే తప్ప తీరలేదు.

డన్స్ చెప్పిన జవాబు ఏమిటంటే, ప్రతి వస్తువులోనూ దాని జాతి స్వభావంతో పాటు, దాన్ని 'ఇదే' అని నిలబెట్టేది మరొకటి ఉంటుంది. దాన్ని ఇంకా చిన్న ముక్కలుగా విడగొట్టి వివరించలేం. ఆయన సంప్రదాయంలో దానికి 'హెక్సెయిటాస్' అనే పేరు స్థిరపడింది. లాటిన్‌లో 'హెక్' అంటే 'ఇది'. కాబట్టి 'ఇదితనం' అనుకోండి. నవ్వుతున్నారు. 'ఇదితనం' అంటే మనకే నవ్వొచ్చింది కదా? పదహారో శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ కుర్రవాళ్లకూ సరిగ్గా ఇలాగే నవ్వొచ్చింది. కథ అక్కడే మొదలైంది.

కథలోకి వెళ్లే ముందు ఆయన రాత గురించి ఒక మాట. అది చదవడం సులువు కాదు. ఒక ప్రశ్న వేస్తాడు. దానికి పూర్వపక్షం చెబుతాడు, ఆ పూర్వపక్షానికి ఆక్షేపణ, ఆ ఆక్షేపణకు సమాధానం, ఆ సమాధానంలో మూడు భేదాలు, మూడో భేదం మీద మళ్లీ సందేహం. పేజీ తిప్పేసరికి ఇప్పుడు మాట్లాడుతున్నది డన్సా, ఆయన ప్రత్యర్థా అన్నది మరిచిపోతాం. పైగా చాలా భాగం ఆయన తుది రూపు ఇవ్వకుండానే పోయాడు. లాటిన్ కూడా కావ్యాల లాటిన్ కాదు, తార్కికులు తమ అవసరానికి తయారు చేసుకున్న ఎండు లాటిన్. కాబట్టి తరవాత ఆయన్ను తిట్టినవాళ్లకు బొత్తిగా కారణం లేదని నేననను. కారణం ఉంది. ఆ రాతను సానుభూతితో చదవాలంటే కొంచెం మొండితనం కావాలి.

ఆయన పోయాక శిష్యపరంపర బాగా పెరిగింది. వాళ్లను స్కోటిస్టులన్నారు. రెండు శతాబ్దాలు విశ్వవిద్యాలయాల్లో వాళ్ల మాట గట్టిగా చెల్లింది. ఇంతలో ఇటలీ నుంచి కొత్త గాలి వీచింది. గ్రీకు నేర్చుకోండి, హీబ్రూ నేర్చుకోండి, బైబిల్‌ను మూలంలో చదవండి, లాటిన్ రాస్తే ప్రాచీన రోము రచయిత సిసిరోలా రాయండి అనే పండితులు వచ్చారు. పాత తార్కికులకు ఇది మింగుడు పడలేదు. మనకున్న చదువు చాలదా, ఈ గ్రీకు ఎందుకు, ఇందులోంచి మతద్రోహం పుట్టుకొస్తుంది అని ప్రసంగపీఠాలెక్కి అరిచారు. వాళ్ల భయం పూర్తిగా వృథా కాదు, అందులోంచి నిజంగానే మతవిప్లవం పుట్టుకొచ్చింది. అది వేరే ఉపన్యాసం.

విలియం టిండేల్ పేరు వినే ఉంటారు. గ్రీకు నుంచి కొత్త నిబంధనను ఇంగ్లీషులోకి తెచ్చి 1526లో అచ్చు వేయించినవాడు, దాని ఫలితంగా 1536లో ప్రాణం పోగొట్టుకున్నవాడు. ఆయన 1531లో, తనను ఖండిస్తూ రాసిన సర్ థామస్ మోర్‌కు జవాబు రాస్తూ ఈ శిష్యగణాన్ని ఎత్తుకున్నాడు. మొరిగే ముసలి కుక్కలు, డన్స్ శిష్యులు, చీకటి సంతానం, గ్రీకు మీదా లాటిన్ మీదా హీబ్రూ మీదా ప్రతి ప్రసంగపీఠం నుంచీ విరుచుకుపడ్డారు అని. 'డన్స్ శిష్యులు' అన్న ప్రయోగం గమనించారా? గురువును తిట్టలేదు, శిష్యులను తిట్టాడు. మనకు పరమానందయ్య శిష్యులున్నారు. అందులో గురువుగారు మంచివాడే, తెలివితక్కువ పనులన్నీ శిష్యులవి. కానీ ఆ పేరు వినగానే ఏం గుర్తొస్తుంది? తెలివితక్కువతనమే. డన్స్‌కూ అదే గతి పట్టింది. కాకపోతే తెలుగులో కనీసం 'శిష్యులు' అన్న మాట మిగిలింది. ఇంగ్లీషులో అది కూడా రాలిపోయి, గురువు పేరొక్కటే మిగిలింది.

ఇప్పుడు 1535కు రండి. ఎనిమిదో హెన్రీ అంతకు ముందు ఏడాదే ఇంగ్లండు చర్చికి తానే అధిపతినని చట్టం చేయించుకున్నాడు. పోప్ పెత్తనం పోయింది. ఇక పోప్ పక్షాన మాట్లాడిన పాత చదువు విశ్వవిద్యాలయాల్లో ఉండకూడదు. రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ తనిఖీకి మనుషులను పంపాడు. ఆక్స్‌ఫర్డ్ వెళ్లినవాడు రిచర్డ్ లేటన్. పని పూర్తిచేసి సెప్టెంబరులో క్రామ్‌వెల్‌కు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం నిలిచి ఉంది. నాకు ఈ కథ మొత్తంలో ఇష్టమైన కాగితం అదే.

ఏం రాశాడు? డన్స్‌ను బొకార్డోలో పెట్టాం, ఆక్స్‌ఫర్డ్ నుంచి శాశ్వతంగా వెళ్లగొట్టాం అన్నాడు. బొకార్డో అంటే ఆక్స్‌ఫర్డ్ ఉత్తర ద్వారం దగ్గరి జైలు. చచ్చి రెండువందల ఇరవై ఏడేళ్లయిన మనిషిని జైల్లో పెట్టారన్నమాట! ఇందులో ఇంకో చమత్కారం ఉంది. తర్కశాస్త్రంలో ఒక రకం అనుమానానికి, అంటే రెండు వాక్యాల నుంచి మూడోది తేల్చే పద్ధతికి, కూడా బొకార్డో అనే పేరు. ఉదాహరణకు, కొన్ని పక్షులు ఎగరవు. పక్షులన్నిటికీ ఈకలుంటాయి. కాబట్టి ఈకలున్నవాటిలో కొన్ని ఎగరవు. ఇది బొకార్డో. తర్కం చదివే కుర్రవాళ్లకు చెమటలు పట్టించేదట. తార్కికుణ్ణి తర్కం పేరున్న జైల్లో వేశామని లేటన్ ముసిముసిగా నవ్వుకుంటున్నాడు.

అక్కడితో ఆగలేదు. డన్స్ ఇప్పుడు అందరికీ సేవకుడయ్యాడు, మరుగుదొడ్లన్నిటిలో స్తంభాలకు మేకులతో కొట్టి ఉన్నాడు, నా కళ్లతో చూశాను అని రాశాడు. ఆ పేజీలు అక్కడ ఎందుకో నేను వివరించనక్కర్లేదు. 'నా కళ్లతో చూశాను' అన్న ముక్క మాత్రం లాటిన్‌లో రాశాడు. మరుగుదొడ్డి సంగతికి లాటిన్ ఎందుకంటారా? చదువుకున్నవాణ్నని చూపించుకోవద్దూ!

రెండోసారి న్యూ కాలేజీకి వెళ్లేసరికి, లోపలి పెద్ద ఆవరణ అంతా డన్స్ పుటలతో నిండిపోయి ఉంది. గాలికి అవి మూలమూలలకూ ఎగిరిపోతున్నాయి. అక్కడ గ్రీన్‌ఫీల్డ్ అనే ఒక పెద్దమనిషి కనబడ్డాడు. బకింగ్‌హామ్‌షైర్ వాడు. వంగి ఆ పుటలు ఏరుకుంటున్నాడు. చదవడానికా? కాదు. అడవి అంచున వేలాడదీస్తే గాలికి రెపరెపలాడి జింకలను బెదరగొడతాయట. జింకలు అడవి దాటకుండా ఉంటే, తన వేటకుక్కలకు వేట బాగా సాగుతుందట. ఊహించండి. పోలిక ఎక్కడ ముగుస్తుంది, భేదం ఎక్కడ మొదలవుతుంది అని ఒక సన్యాసి కళ్లు కాయలు కాసేలా తర్కించిన పుటలు. జింకలను బెదిరించడానికి.

ఈ గ్రీన్‌ఫీల్డ్ పేరు కూడా మనసులో పెట్టుకోండి. చివర్లో పనికొస్తుంది.

ఒకటి అడుగుతాను. లేటన్ గానీ, టిండేల్ గానీ, డన్స్ చెప్పింది ఇదిగో ఇందువల్ల తప్పు అన్నారా? నాణెం ప్రశ్నకు ఇంకో జవాబిచ్చారా? లేదు. చట్టం మారింది, పాఠ్యప్రణాళిక మారింది, పుస్తకాలు చింపారు. వాదంలో ఓడిపోయిన పండితుడు వేరు, వాదించకుండానే బయటికి గెంటేసిన పండితుడు వేరు. ఈ మాట అంటే కొందరికి నేను పాత చదువు పక్షం అనిపించవచ్చు. కాదు. అప్పట్లో పుట్టి ఉంటే నేనూ గ్రీకు నేర్చుకోవడానికే పరుగెత్తేవాణ్ని. ఇంకో సంగతి చెప్పనా? ఇరవై ఏళ్లు తిరిగేసరికి పోప్ మతాన్ని తిరిగి తెచ్చిన మేరీ రాణి కాలంలో గాలి ఎదురు తిరిగింది. కొత్త మతం పెద్దలు క్రాన్మర్, లాటిమర్, రిడ్లీ ముగ్గురూ అదే బొకార్డో జైలు చూశారు. ముగ్గురినీ ఆక్స్‌ఫర్డ్‌లోనే సజీవ దహనం చేశారు.

సరే, మాట సంగతికి వద్దాం. ఇక్కడ అసలు విచిత్రం ఉంది. డన్స్ అంటే వెంటనే మొద్దు అయిపోలేదు. మెట్టు మెట్టుగా దిగింది. మొదట డన్స్ అంటే ఆయన అనుచరుడు. తరవాత వెంట్రుకను నిలువునా చీల్చే తర్కవాది. 1577లో రిచర్డ్ స్టానిహర్స్ట్ రాశాడు: కుతర్కంలోనో, సూక్ష్మ తత్వచర్చలోనో మిగతావాళ్లను మించినవాణ్ణి బడుల్లో వెంటనే డన్స్ అని పిలుస్తారు అని. అంటే ఏమిటి? 1577లో ఇంకా అతితెలివి గలవాడే డన్స్! 1578లో జాన్ లిలీ ఇంకో ముక్క రాశాడు. బుర్రకు ఎక్కనివాణ్ణి మొద్దు అంటారు, చదువు మీద ధ్యాస ఉన్నవాణ్ణి డన్స్ అంటారు అని వాపోయాడు. ఆ మొద్దుకు అతను వాడిన ఇంగ్లీషు మాట వేరు, 'డోల్ట్'. చూశారా, ఒకే వాక్యంలో మొద్దు ఒకవైపు, డన్స్ ఇంకోవైపు. డన్స్ అంటే పుస్తకాల పురుగు. అస్తమానం చదివేవాడు.

మరి అస్తమానం చదివేవాడు అసలు చదువు రానివాడెలా అయ్యాడు? ఆలోచించండి. పుస్తకాల్లో కూరుకుపోయినవాడికి లోకజ్ఞానం ఉండదని ఒక నమ్మకం ఉంది. అది మొదటి మెట్టు. ఇంత చదివినా కొత్తది ఒక్కటీ తలకెక్కించుకోడు అన్నది రెండోది. ఇంకోటి, నా అభిప్రాయంలో ఇదే ముఖ్యమైనది. వినేవాడికి అర్థం కాని మాట రెండు రకాలుగా ఉండవచ్చు. చెప్పేవాడు మనకంటే ఎంతో పైన ఉండి చెబుతూ ఉండాలి, లేదా ఏమీ తెలియక వాగుతూ ఉండాలి. చెవికి రెండూ ఒకేలా వినబడతాయి. రెండో రకమని అనుకుంటే వినేవాడికి హాయి. ఆ హాయిలోనే 'డన్స్' అర్థం తిరగబడింది. పదహారో శతాబ్దం ముగిసేసరికి మొద్దు అనే అర్థం గట్టిపడిపోయింది.

మన విద్యార్థులు అడగబోయేది నాకు తెలుసు. మరి ఆ టోపీ? బొమ్మల్లో, కార్టూన్లలో చూసి ఉంటారు. పాఠం రాని పిల్లవాణ్ణి మూల బల్ల మీద కూర్చోబెట్టి, నెత్తిన శంకువు ఆకారపు టోపీ పెడతారు. మన బడుల్లో గోడకుర్చీ, గుంజీలు, పాతకాలంలో కోదండం ఉండేవి, టోపీ లేదు. ఆ టోపీ డన్స్‌దే, జ్ఞానం పైనుంచి గరాటులోకి జారినట్టు తలలోకి జారుతుందని ఆయన నమ్మేవాడు అనే కథ ఒకటి తిరుగుతూ ఉంటుంది. వినడానికి బాగుంది. ఆయన రాతల్లో గానీ, ఆయన కాలపు రాతల్లో గానీ దీనికి ఆధారం నాకు కనబడలేదు. టోపీ బడుల్లోకి ఎంతో తరవాత వచ్చింది. 1840లో డికెన్స్ తన నవలలో ఒక పల్లెటూరి బడిని వర్ణిస్తూ అరమీద ఈ టోపీ పెట్టాడు. పాత వార్తాపత్రికలతో చేసి, ఉత్తరాలు అతికించే రంగు బిళ్లలు అంటించి అలంకరించిన టోపీ. పిల్లవాడి అవమానానికి అలంకారం కూడానా అనిపిస్తుంది నాకు.

డన్స్ మాత్రం ఎక్కడికీ పోలేదు. కాథలిక్ దేశాల్లో ఆయన్ను చదువుతూనే ఉన్నారు. యేసు తల్లి మేరీ పుట్టుకలోనే పాపం అంటనిది అని ఆయన వాదించిన మాటను 1854లో పోప్ తొమ్మిదో పయస్ మత సిద్ధాంతంగా ప్రకటించాడు. ఇంగ్లండులోనే జెరార్డ్ మాన్లీ హాప్కిన్స్ అనే కవి 1879లో ఆయన పేరున ఆక్స్‌ఫర్డ్ మీద పద్యం రాశాడు. ప్రతి ఆకుకీ ప్రతి పిట్టకీ దానిదే అయిన రూపం ఉంటుందని తపించిన కవికి 'ఇదితనం' నచ్చకపోతే ఆశ్చర్యం. జర్మన్ తత్వవేత్త హైడెగర్ అధ్యాపక అర్హత కోసం 1915లో డన్స్ మీదే గ్రంథం రాశాడు. అందులో ఆధారం చేసుకున్న ఒక ముఖ్యమైన రచన డన్స్‌ది కాదు, ఎర్ఫుర్ట్ థామస్‌దని తరవాత తేలింది, పాపం. 1993లో పోప్ రెండో జాన్ పాల్ డన్స్‌ను 'బ్లెస్డ్' స్థానంలో చేర్చాడు. సెయింట్ కావడానికి అది ముందు మెట్టు.

చివరిగా ఒక్క సంగతి. 'డన్స్' మాటకు సాహిత్యంలో సింహాసనం వేసినవాడు అలెగ్జాండర్ పోప్. ఈ పోప్ కవి, రోములో పోప్ కాదు. 1728లో 'డన్సియడ్' అనే వెక్కిరింత కావ్యం అచ్చు వేశాడు. అందులో మందబుద్ధి ఒక దేవత. చీకటికీ ఆదిమ గందరగోళానికీ పుట్టిన బిడ్డ. లోకంలోని చెత్త కవులూ, ఎండు పండితులూ ఆవిడ సంతానం. వాళ్లందరికీ రాజుగా పట్టాభిషేకం ఎవరికి చేయించాడు? లూయిస్ టిబల్డ్ అనే పండితుడికి. మొద్దుల రాజు అంటే ఎంత మొద్దో అనుకుంటాం కదా? టిబల్డ్ చేసిన నేరం ఒక్కటే. పోప్ 1725లో షేక్స్పియర్ నాటకాలకు పరిష్కృత ప్రతి తెచ్చాడు. అందులో తప్పులను టిబల్డ్ 1726లో ఒక పుస్తకం నిండా ఏరి పెట్టాడు.

అందులో ఒకటి చూడండి. 'అయిదో హెన్రీ' నాటకంలో ఫాల్‌స్టాఫ్ చనిపోయిన తీరును సత్రం నడిపే ఆవిడ చెబుతుంది. 1623 నాటి అచ్చుప్రతిలో అక్కడ, ముక్కు కలంలా సూదిగా అయింది, 'ఎ టేబుల్ ఆఫ్ గ్రీన్ ఫీల్డ్స్', అంటే 'పచ్చని పొలాల బల్ల' అని ఉంది. చచ్చిపోయేవాడి దగ్గర పచ్చని పొలాల బల్ల ఏమిటి? పోప్ ఏమన్నాడంటే, అది రంగస్థల సూచన, పొరపాటున పాఠంలో కలిసిపోయింది, నాటకసామగ్రి చూసే మనిషి పేరు గ్రీన్‌ఫీల్డ్, అతని బల్ల తెమ్మని అర్థం అన్నాడు. అవును, మళ్లీ గ్రీన్‌ఫీల్డే! పుటలు ఏరుకున్నాయనకూ ఇతనికీ సంబంధం లేదు. ఈ రెండో గ్రీన్‌ఫీల్డ్ ఉన్నాడన్న ఆధారం పోప్ చూపించలేదు. టిబల్డ్ ఆ మాటలోని అక్షరాలను తదేకంగా చూశాడు. పాతకాలపు చేతిరాతలో బల్ల అనే 'టేబుల్' మాటా, కలవరించాడు అనే 'బ్యాబుల్డ్' మాటా ఎంత దగ్గరగా ఉంటాయో చూశాడు. రెండు మూడు అక్షరాలు సవరించాడు. అప్పుడు వాక్యం ఇలా వచ్చింది: పచ్చని పొలాల గురించి ఏదేదో కలవరించాడు. ముసలి తాగుబోతు చావుబతుకుల్లో చిన్ననాటి పొలాలను కలవరిస్తున్నాడు. ఇవాళ మీరు గ్రంథాలయంలో ఆ నాటకం తీసి చూడండి, దాదాపు ప్రతి ప్రచురణలోనూ ఉండేది మొద్దుల రాజు దిద్దిన ఆ పాఠమే.

1743లో పోప్ కావ్యాన్ని మార్చి, టిబల్డ్‌ను దింపి కోలీ సిబర్‌ను రాజును చేశాడు. సిబర్ అప్పటికి ఇంగ్లండు ఆస్థానకవి. ఆయన కవిత్వం నేను చదివాను. అతని విషయంలో పోప్‌తో నాకు తగాదా లేదు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి, తెలిసినవి చెబుతాను. నమస్కారం.